పేదల పక్షాన నిలిచే వకీలుకు తొలి మూడేళ్లే అగ్నిపరీక్ష

* ఆశయం ఉన్నా ఆసరా కరవై దారి మళ్లుతున్న జూనియర్ న్యాయవాదులు
* సిఫార్సులకే పరిమితమైన గౌరవ వేతనం
* కళాశాల నుంచే బాట వేస్తే తప్ప మారని పరిస్థితి

తెనాలి: న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకుని, నల్లకోటు ధరించి కోర్టు మెట్లెక్కిన యువ న్యాయవాదిని తొలి వాయిదా నుంచే రెండు చింతలు వెన్నాడుతున్నాయి. మొదటిది కేసు, రెండోది పూట గడవడం. బాధితుల పక్షాన నిలవాలన్న సంకల్పంతో ఈ వృత్తిలోకి వచ్చిన వారిలో పలువురు రెండో చింతకే లొంగిపోతున్నారు. కొందరు పోటీ పరీక్షల బాట పడుతుండగా, మరికొందరు నగరాల్లోని కంపెనీ కొలువులకు తరలిపోతున్నారు. చివరకు నష్టపోతున్నది మాత్రం పల్లె నుంచి బస్సెక్కి కోర్టుకు వచ్చే నిరుపేద కక్షిదారుడే.

పేదలకు ఉచిత న్యాయ సహాయం అందించాలన్న 39-ఎ అధికరణ 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరింది. దానికి రూపమిచ్చిన న్యాయసేవాధికార సంస్థల చట్టం 1987లో వెలువడి, 1995 నవంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవారు తమ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. హక్కు ఇంత విస్తృతంగా ఉన్నా, దానిని న్యాయస్థానంలో వినిపించే సమర్థుడైన వకీలు లేనప్పుడు అది కాగితానికే పరిమితమవుతుంది.

చుండూరు నేర్పిన పాఠం

అటువంటి వకీలు విలువ ఏపాటిదో ఈ ప్రాంతానికి ఒకరు చెప్పనక్కరలేదు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. విచారణ తమ గ్రామంలోనే జరగాలని బాధితులు పట్టుబట్టగా, అక్కడే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటైంది. ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా బి.చంద్రశేఖర్ వాదించిన ఈ కేసులో 2007 జులై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు శిక్ష పడ్డాయి. ఘటనకూ తీర్పుకూ మధ్య గడిచిన కాలం పదహారేళ్లు. అంతటితోనూ ముగియలేదు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. ఇటువంటి వ్యాజ్యాలు ఒక తరం న్యాయవాదులతో తెమిలేవి కావని దీనితో తేటతెల్లమైంది.

గణితం బోధించి ఆ తర్వాత నల్లకోటు తొడిగిన కె.బాలగోపాల్ 2009లో, కె.జి.కన్నబిరాన్ 2010లో, దళితుల పక్షాన న్యాయపోరాటాలు సాగించిన బొజ్జా తారకం 2016లో కన్నుమూశారు. వారి వారసత్వాన్ని అందుకోవాలన్న ఉత్సాహం యువతరంలో లేకపోలేదు. అయితే ఆ ఉత్సాహాన్ని నిలబెట్టే ఏర్పాటు మాత్రం కొరవడింది.

బస్సు చార్జీలకే సరి

చిన్న పట్టణాల్లో జూనియర్ల స్థితిగతులు అందరికీ తెలిసినవే. సీనియర్ కార్యాలయంలో ఫైళ్లు సర్దడం, వాయిదాలు కోరడం, నకళ్లకు దరఖాస్తు పెట్టడం వంటి పనులతోనే తొలి రెండు మూడేళ్లు గడిచిపోతాయి. ప్రతిఫలంగా దక్కేది పలుచోట్ల బస్సు చార్జీలకే సరిపోతుంది. తండ్రో తాతో వకీలైన వారికి కార్యాలయం, గ్రంథాలయం, కక్షిదారులు వారసత్వంగా లభిస్తాయి. కూలి కుటుంబం నుంచి వచ్చిన తొలితరం పట్టభద్రులకు అవేవీ ఉండవు. మహిళలకు ఈ కష్టం రెట్టింపు. సంపాదన లేని వృత్తిలో ఇంకెన్నాళ్లంటూ ఇంట్లో వారే నిలదీస్తారు.

ప్రవేశ రుసుము విషయంలో కొంత ఊరట లభించింది. బార్ కౌన్సిళ్లు వేల రూపాయల్లో వసూలు చేస్తున్న నమోదు రుసుమును సుప్రీంకోర్టు 2024 జులై 30న తప్పుబట్టింది. చట్టంలో పేర్కొన్న మేరకు సాధారణ అభ్యర్థుల నుంచి రూ.750, షెడ్యూల్డు కులాలు, తెగల వారి నుంచి రూ.125 మించి తీసుకోరాదని తీర్పునిచ్చింది. గడప దాటడం ఆ మేరకు సులువైనా, దాటాక నిలదొక్కుకోవడమే అసలు సమస్య.

జూనియర్లకు నెలకు పట్టణాల్లో రూ.20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో రూ.15 వేల చొప్పున గౌరవ వేతనం ఇవ్వాలని అఖిల భారత బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సూచించింది. అది సిఫార్సే తప్ప శాసనం కాదు. పైగా తాలూకా కేంద్రంలోని సీనియర్‌కే నెలనెలా నికర ఆదాయం ఉండదు. అతడు జూనియర్‌కు రూ.15 వేలు ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వగలడన్నది సమాధానం దొరకని ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరు 3న మొదలైన లా నేస్తం పథకం కింద జూనియర్లకు నెలకు రూ.5 వేల వంతున భృతి చెల్లించారు. ఆ సొమ్ము స్వల్పమే అయినా ప్రజాధనంతో ఆదుకోవచ్చన్న సూత్రాన్ని అది స్థిరపరిచింది. అయితే ప్రభుత్వాల ఇష్టాయిష్టాలపై ఆధారపడే పథకాన్ని నమ్ముకుని ఎవరూ జీవితకాలపు వృత్తిని ఎంచుకోలేరు.

ఉన్న దారి ఇరుకు

ఈ లోటును కొంతవరకు పూడ్చే యత్నం 2022లో జరిగింది. జాతీయ న్యాయసేవాధికార సంస్థ జిల్లాల్లో న్యాయ సహాయ డిఫెన్స్ కౌన్సిల్ విధానాన్ని ప్రవేశపెట్టింది. చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ అనే మూడు అంచెల్లో న్యాయవాదులను నియమించి, నెలవారీ ప్రతిఫలంపై పూర్తికాలం పేద నిందితుల తరఫున వాదింపజేయడం దీని ఉద్దేశం. మూడేళ్లలోపు అనుభవం ఉన్నవారికీ అసిస్టెంట్‌గా అవకాశం కల్పించడం విశేషం.

దీని అవసరం ఎంతటిదో జైళ్ల లెక్కలే చాటుతున్నాయి. జాతీయ నేర నమోదు సంస్థ గణాంకాల ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా నేరం రుజువు కాలేదు. రిమాండు నాడే బెయిలు కోసం నిలబడే వకీలు దొరికితే వీరిలో ఎందరికో ఊరట లభిస్తుంది.

కానీ ఈ కొలువులు జిల్లాకు కొద్దిమందికే పరిమితం. నియామకం ఒప్పంద పద్ధతిలోనే. పైగా ఈ విధానం క్రిమినల్ కేసులకే వర్తిస్తుంది. భూమి, కూలి, భరణం, పింఛను వంటి వ్యవహారాల్లో పేదలు ఇప్పటికీ కేసుల వారీ రుసుముపై పనిచేసే ప్యానెల్ న్యాయవాదులపైనే ఆధారపడవలసి వస్తోంది. పల్లెల్లో అధిక భాగం తగాదాలు ఈ కోవకు చెందినవే కావడం గమనార్హం.

కళాశాలలోనే బీజం

న్యాయవిద్య నిబంధనలు-2008 ప్రకారం మూడేళ్ల కోర్సు విద్యార్థులు కనీసం 12 వారాలు, అయిదేళ్ల కోర్సు వారు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. న్యాయవాదుల వద్దే కాక స్వచ్ఛంద సంస్థల్లోనూ ఈ శిక్షణ పొందవచ్చు. ప్రతి కళాశాలా న్యాయ సహాయ కేంద్రాన్ని నడపాలి. ఆచరణలో ధ్రువపత్రం చేతికొస్తే చాలుననే ధోరణి ప్రబలడంతో బంగారంలాంటి అవకాశం చేజారుతోంది.

ఇటువంటి శక్తిని సక్రమంగా వినియోగిస్తే ఏమవుతుందో ఉమ్మడి రాష్ట్రంలో నిరూపితమైంది. 2000 దశకంలో ఇందిరా క్రాంతి పథం కింద గ్రామీణ యువతకు పారాలీగల్ శిక్షణ ఇచ్చి పేదల భూ సమస్యల పరిష్కారానికి పంపారు. న్యాయశాస్త్ర పట్టభద్రులు వారికి అండగా నిలిచారు. అడంగల్‌లో పేరు తప్పిన రైతుకు, పట్టా ఉన్నా స్వాధీనం లేని నిరుపేదకు కోర్టు గడప తొక్కకుండానే దారి చూపారు. సేవకు జీతం తోడైతే యువత వెనుకంజ వేయదనడానికి ఇది తార్కాణం.

చేయవలసిందేమిటి?

జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల న్యాయవాద అనుభవం తప్పనిసరని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు చెప్పింది. దీంతో తొలి మూడేళ్లకు ప్రాధాన్యం మరింత పెరిగింది. ఆ కాలాన్ని సీనియర్ల దయకు వదిలేయకుండా, జిల్లా న్యాయసేవాధికార సంస్థ, బార్ కౌన్సిల్, ప్రభుత్వం ఉమ్మడిగా నిధి నెలకొల్పి భృతి చెల్లించాలి. అందుకు ప్రతిగా జూనియర్లు వారంలో నిర్ణీత దినాల్లో మండల కేంద్రంలో పేదలకు సలహా ఇచ్చి, వారి సివిల్, రెవెన్యూ కేసులు చేపట్టాలి. అనుభవజ్ఞులైన సీనియర్లు ఒక్కొక్కరు ఇద్దరు ముగ్గురికి మార్గదర్శకులుగా ఉండాలి. ఇంటర్న్‌షిప్‌లో కొన్ని వారాలనైనా సబ్‌జైలు, తహసీల్దారు కార్యాలయం, కార్మిక శాఖ వంటి చోట్ల గడిపేలా కళాశాలలు చూడాలి.

దీనికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. ఉన్న చట్టాలు, సంస్థలు, నిబంధనలే చాలు. వాటిని ఒక్కతాటిపైకి తెచ్చే పూనిక కావాలి. పేదవాడి వకాల్తా పుచ్చుకున్న జూనియర్ తన ఇంటి అద్దె గురించి బెంగపడకుండా వాయిదాకు హాజరైన నాడే ఉచిత న్యాయ సహాయమన్న మాట సార్థకమవుతుంది.