‘చూళ్లేదు బాబూ’ అన్న మాట అబద్ధం కాకపోవచ్చు!

యూటర్న్ దగ్గర కారు అడ్డంగా వచ్చేసింది. బైక్ మీదున్న కుర్రాడు బ్రేక్ వేసినా ఆగలేదు. కారు దిగినాయన నోటి నుంచి వచ్చే మొదటి మాట మనందరికీ తెలిసిందే: ‘‘చూళ్లేదు బాబూ!’’ చుట్టూ చేరినవాళ్లు ‘‘కళ్లు కనపడవా?’’ అంటూ ఆయన మీద పడతారు. నిజానికి ఆయన ఆ వైపు చూసే ఉంటాడు. చూశాడు, కానీ బైక్ కంటికి ఆనలేదు.

ఇది ఇక్కడి సమస్య మాత్రమే కాదు. అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 బైక్ ప్రమాదాల చోట్లకు స్వయంగా వెళ్లి పరిశీలించి, 1981లో నివేదిక ఇచ్చింది. వేరే వాహనం ఢీకొన్న కేసుల్లో మూడింట రెండొంతుల్లో, దారివ్వాల్సిన అవతలి డ్రైవరే ఇవ్వలేదని తేలింది. ఎక్కువమంది చెప్పిన కారణం: బైక్ కనపడలేదు.

ఎందుకు కనపడదు? ఎదురుగా వచ్చే బైక్ సన్నగా ఉంటుంది. కారు అద్దం పక్కనుండే స్తంభం దాన్ని పూర్తిగా కప్పేయగలదు. కనిపించినా ఇంకో చిక్కుంది. చిన్న వస్తువు ఉన్నదానికంటే దూరంగా, నెమ్మదిగా వస్తున్నట్టు మెదడు లెక్కేస్తుంది. అదే దూరంలో, అదే వేగంతో లారీ వస్తుంటే ఆగే డ్రైవర్, బైక్ వస్తుంటే ‘తిప్పేయొచ్చులే’ అనుకుంటాడు. దీనికితోడు డ్రైవర్ కళ్లు కార్ల కోసం, బస్సుల కోసం వెతకడానికి అలవాటుపడి ఉంటాయి.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. గ్రూప్ డిస్కషన్‌లో రోడ్డు భద్రత అంశం వస్తే అందరూ హెల్మెట్ దగ్గరే ఆగిపోతారు. హెల్మెట్ దెబ్బ తగిలాక కాపాడుతుంది. దెబ్బే తగలకుండా చూసేది ‘కనిపించడం’. దాని గురించి మన చట్టం చేసిన పెద్ద పని ఒక్కటే. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బైకుల్లో ఇంజిన్ స్టార్ట్ అవగానే హెడ్‌లైట్ వెలగాలి. ఆర్పే స్విచ్ ఉండదు. మొదట్లో దారిపొడవునా జనం గుప్పిట మూసి తెరుస్తూ ‘అన్నా లైటు!’ అని సైగ చేసేవాళ్లు, గుర్తుందా? మలేసియా పగటి లైటును 1992లోనే తప్పనిసరి చేసింది.

మరి వేసుకునే బట్టల సంగతి? న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో చేసిన అధ్యయనం 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. రిఫ్లెక్టివ్ లేదా ఫ్లోరసెంట్ దుస్తులు వేసుకున్నవాళ్లకు గాయాలయ్యే ముప్పు 37 శాతం, నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్ పెట్టుకున్నవాళ్లకు 24 శాతం తక్కువ. మామూలు చొక్కా రంగు వల్ల మాత్రం తేడా కనిపించలేదు. జాగ్రత్తగా నడిపేవాళ్లే ఇలాంటివి కొనుక్కుంటారు కాబట్టి ఘనతంతా జాకెట్‌కే ఇవ్వలేం. అయినా తేడా చిన్నది కాదు. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఫ్లోరసెంట్ పసుపు పగలే పనిచేస్తుంది, రాత్రి ఆ మెరుపు ఉండదు. చీకట్లో కావాల్సింది లైటు పడగానే వెనక్కి మెరిసే రిఫ్లెక్టివ్ పట్టీ. మన కాలేజీ పార్కింగ్‌లో చూస్తే నల్ల హెల్మెట్, నల్ల జాకెట్, నల్ల బ్యాగ్, పైగా టెయిల్ ల్యాంప్ మీద నల్ల ఫిల్మ్! డబ్బులు పెట్టి మరీ మాయమవుతున్నాం.

అలాగని బాధ్యతంతా బైకర్ నెత్తిన వేస్తే నేను ఒప్పుకోను. తిప్పేముందు రెండోసారి చూడాలని, స్తంభం చాటు కనపడకపోతే కాస్త ముందుకి వంగి చూడాలని కారు నేర్పేటప్పుడు ఎంతమంది చెబుతున్నారు? మన లైసెన్స్ పరీక్షలో ఎనిమిది అంకె వేయడం చూస్తారు గానీ, కళ్లు ఎటు తిరుగుతున్నాయో ఎవరు చూస్తున్నారు?

మీలో చాలామంది కోచింగ్ ఫీజు కోసం సాయంత్రాలు డెలివరీ పనికి వెళ్తున్నారు. చీకట్లో, ముక్కూమొహం తెలియని సందుల్లో, టైమ్ కోసం పరుగు పెడుతూ. హెల్మెట్ సంగతి సరే, ఇచ్చే జాకెట్‌లో, బ్యాగ్‌లో రాత్రి మెరిసే పట్టీ ఉందా? లేక లోగో మాత్రమే మెరుస్తోందా? ఆ కిట్ ఖర్చు కంపెనీ భరిస్తుందా, మీ మొదటి వారం డబ్బుల్లోంచి కోస్తుందా? చేరే ముందే అడగండి. బ్యాగ్ ఇచ్చాక చీకటి గదిలో పెట్టి ఫోన్ టార్చ్ కొట్టి చూడండి. మెరవకపోతే ఆటోమొబైల్ షాపులో రిఫ్లెక్టివ్ టేప్ కొని వెనకా, రెండు పక్కలా అంటించండి. తర్వాత ఆ బిల్లు టీమ్ లీడర్ ముందు పెట్టండి.