దొంగల డెన్ అంటే డ్రైనేజీ కాదు మహాప్రభో!

ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ గేముకి దొంగల డెన్ ఒకటి తయారుచెయ్యమంటే మనవాళ్ళు (మనవాళ్ళేంటి, ప్రపంచమంతా ఇంతే లెండి) గీసేది ఒకటే మ్యాపు. ఊరికింద మురుగుకాలవ, అందులో రహస్య తలుపు, తలుపుకో విషపు సూది, లోపల ఒంటికన్ను నాయకుడు. 2011లో వచ్చిన స్కైరిమ్‌లో కూడా దొంగల గిల్డు ఉండేది రిఫ్టెన్ ఊరి కింద సొరంగాల్లోనే. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

ఒక్క ప్రశ్న. కొట్టేసిన సరుకు ఎవడు కొంటున్నాడు? యూజరెవరో తెలీకుండా సిస్టమ్ కట్టొద్దని ఆఫీసులో జూనియర్లకి క్లాసు పీకే మనం, ఆదివారం గేమ్ మాస్టర్ కుర్చీ ఎక్కగానే ఆ సంగతి మర్చిపోతాం. వెండి పళ్ళెం దొంగిలించినవాడు దాన్ని కొరుక్కు తినలేడు కదండీ!

అసలు డెన్ ఎలా ఉంటుందో చూడాలంటే 1720ల లండన్ చూడండి. జొనాథన్ వైల్డ్ అనే ఆయన ఓల్డ్ బెయిలీ కోర్టు దగ్గర్లో పట్టపగలు ఆఫీసు నడిపాడు. వస్తువు పోయినవాళ్ళు ఆయన దగ్గరకెళ్ళి మొరపెట్టుకుంటే, డబ్బు ముట్టాక వస్తువు 'దొరికేది'. కొట్టేసింది ఆయన మనుషులే! మాట వినని దొంగని తనే పట్టిచ్చి, నేరం రుజువైతే ప్రభుత్వమిచ్చే 40 పౌండ్ల బహుమతీ పుచ్చుకునేవాడు. 1725లో టైబర్న్‌లో ఉరి తీశారనుకోండి, కానీ అంతకుముందు ఏళ్ళ తరబడి ఊరికి ఆయన దొంగల్ని పట్టే మొనగాడు.

కాబట్టి మ్యాపు కన్నా ముందు ఇవి రాసుకోండి. సరుకు కొనేదెవరు? చూసీ చూడనట్టు ఊరుకోడానికి ఎవరికెంత ముడుతోంది? పగటిపూట ఆ తలుపు తట్టేదెవరు? వీటికి జవాబుంటే మీ ఆటగాళ్ళు కత్తులు దూసి గంటలో పని ముగించలేరు. డెన్ తగలబెడితే నష్టపోయేది నగరపెద్దలని తెలిశాకే అసలు ఆట మొదలవుతుంది.

"గేమే కదా, ఎందుకంత ఆవేశం?" అంటారా? దొంగతనాన్ని ఊరినించి విడదీసి ఓ కన్నంలో పెట్టాక, అందులో ఉండేవాళ్ళు పుట్టుకతోనే దొంగలనుకోవడం ఎంతసేపు? 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో దొంగ నైపుణ్యాలకి జాతిని బట్టి శాతాలు కలపడం, తీసెయ్యడం ఉంది. డ్రాగన్ల లోకంలో అది పాచికల లెక్క. మన దగ్గర అదే ఊహ చట్టమైంది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల కుటుంబాల్ని పిల్లాపాపలతో సహా తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటే బాపట్ల దగ్గర స్టూవర్టుపురం. 1952కల్లా దేశమంతా చట్టం పోయింది గానీ ముద్ర పోలేదు. 1991లో ఆ ఊరి పేరుకి 'దొంగలు' అని తగిలించి సినిమా కూడా తీశాం.

దొంగసొత్తు కొన్నవాళ్ళ కోసం మాత్రం ఎవరూ ఏ సెటిల్‌మెంటూ కట్టలేదు, గమనించారా?

అందుకే ఈసారి డెన్ గీసేటప్పుడు మొదటి గది ఆ కొనేవాడికి ఇవ్వండి. మురుగుకాలవ సంగతి తర్వాత చూసుకుందాం.