జర్మనుల యోగ్యతాపత్రము

ధర్మపురి గోదావరి తీరమున ఈ మధ్య జరిగిన యొక ఆధ్యాత్మిక సభలో, శాలువా కప్పించుకొని లేచిన ఉపన్యాసకు లొకరు, జర్మనీ మహాదార్శనికులందరును మన ఉపనిషత్తులకు మోకరిల్లినవారే యనియు, కావున మన ఆచారములను మూఢవిశ్వాసములనువారే మూఢులనియు సెలవిచ్చిరి. కరతాళధ్వనులు మిన్నుముట్టెను. ఆ దార్శనికులలో ఉపనిషత్తులను నెత్తిన పెట్టుకొన్నవాడు షోపెన్‌హవర్. ఆయన చదివినదో, మొగలు రాకుమారుడు దారా షికో 1657లో సిద్ధపరచిన పారసీకానువాదమునకు ఫ్రెంచి పండితుడు ఆంక్తిల్ దుపెరాన్ 1801-02లో ప్రకటించిన లాటిను రూపము. ఒక ముసల్మాను చేతిమీదుగా వేదాంతము ఐరోపా చేరెనన్న ముక్క ఆ సభలో వినబడలేదు. ఇక హెగెల్ మాట యెత్తకుండుటయే మేలు. గీతపై జర్మను పండితుడు హుంబోల్ట్ చేసిన ఉపన్యాసములను 1827లో సమీక్షించుచు, మన యోగమును కులధర్మమును ఆయన యెంత చులకన చేసెనో తెలిసినచో, మన వక్త శాలువా మడిచి యిచ్చివేసియుండెడివాడు.

ఇంతకును మన వక్త చూపిన ఆ యోగ్యతాపత్రము నిచ్చినవారెవరు? కాంట్ పరమభక్తుల లూథరన్ గృహమున పెరిగినవాడు. ఫిఖ్టే దైవశాస్త్ర విద్యార్థి. షెల్లింగ్ మతబోధకుని కుమారుడు. మతబోధకులను తయారుచేయుటకై వుర్టెంబెర్గ్ ప్రభువు 1536లో ట్యూబింగెన్‌లో నెలకొల్పిన విద్యాలయమున 1788లో హెగెల్, కవి హోల్డర్లిన్, 1790లో పదునైదేండ్ల షెల్లింగ్ చేరి, ముగ్గురును ఒకే గదిలో నివసించిరి. మంథనిలో ఒకే గురువువద్ద సంత చెప్పుకొన్న పిల్లలు ఏ యూరికి పోయినను స్వరము మారనట్లు, వీరును బోధకవృత్తిని విడిచిరే కాని, ప్రార్థనామందిరపు దేవుడు పరతత్త్వమను కొత్త అంగీ తొడిగికొని వారి గ్రంథములందు యథావిధిగా కొలువుతీరెను. మతవిషయమున వారికిని చిక్కులు వచ్చినవి. 1794లో కాంట్‌ను ప్రష్యా రాజు మందలించెను, 1799లో నాస్తికుడన్న నిందపై ఫిఖ్టే కొలువు పోయెను. ఆ మాట అట్లుంచుదము.

నాకు కావలసినది షెల్లింగ్ పుట్టిన లియోన్‌బెర్గ్ పట్టణము. అదే పట్టణమున 1615లో, పొరుగుస్త్రీకి చేదు పానీయమిచ్చి జబ్బు తెప్పించెనన్న నెపమున కటరీనా యను వృద్ధురాలిని మంత్రగత్తె యనిరి. 1620లో బంధించి, పదునాలుగు మాసములు సంకెలలో నుంచి, చిత్రహింసాసాధనములను కన్నులయెదుట పరచి యొప్పుకొమ్మనిరి. ఆమె యొప్పుకొనలేదు, 1621లో విడుదలయై, మరుసటి యేడు మరణించెను. ఆమె కుమారుడు ఖగోళవేత్త కెప్లర్, అదే ట్యూబింగెన్ విద్యాలయపు పూర్వ విద్యార్థి. తల్లికై ఆయనే వాదమును కూర్చి, జబ్బులకు సహజకారణములు చూపెను. మంత్రగత్తెలే లేరని మాత్రము అంతటివాడును అనలేదు! షెల్లింగ్ పుట్టిన 1775లోనే, దక్షిణమున కెంప్టెన్‌లో మరియొక స్త్రీకి ఇదే నేరమునకు మరణశిక్ష విధించిరి. అది అమలు కాలేదు, ఆమె చెరసాలలోనే పోయెను. ఈ గడ్డపై పెరిగిన పరతత్త్వచింతన ఆమెవంక తల త్రిప్పి చూచినట్లు లేదు.

మన పరతత్త్వము మాత్రము చూచినదా? 2022 జనవరిలో జగిత్యాల పట్టణమున, కులసభకు వచ్చిన తండ్రిని, ఇద్దరు కుమారులను, మంత్రములు చేయుచున్నారను అనుమానముతో పట్టపగలు పొడిచి చంపిరి. కరీంనగర, ఆదిలాబాదు పల్లెలలో ఇది కొత్త కాదు. దంతములు లేనివాడు మంత్రమును సరిగా ఉచ్చరింపలేడట. కావున మొదట పండ్లూడగొట్టుట, పిదప చెట్టుకు కట్టుట, పిదప కిరసనాయిలు. నా చిన్నతనమున మా యూర, పొరుగింటి పసివానికి విరేచనములు పట్టినవని, భర్త పోయిన ముసలవ్వను వేపచెట్టుకు కట్టి, రాతితో ఆమె పండ్లు రాలగొట్టిరి. ఆ పసివాడు త్రాగిన బావినీటిని ఎవ్వరును అనుమానింపలేదు. నిత్యము సాయంకాలము అరుగుపై కూర్చుండి జగత్తు మిథ్యయని బోధించు మా తాత ఆనాడు తలుపు వేసికొనెను. "తాతా, అవ్వను గట్ల కొడుతున్నరు, నువ్వు పోయి చెప్పవా?" అని నే నేడ్చితిని. "ఎవరి కర్మ వారిది బిడ్డా, లోపలికి రా" అనెను. జగత్తంతయు మిథ్యయైనప్పుడు చేతబడి యొక్కటి సత్యమెట్లాయెనో నాకు నేటికిని బోధపడలేదు. ఆ అవ్వ తరువాత గంజి మాత్రమే త్రాగగలిగెడిది. ఆమె పలుకు ఎవరికిని తెలిసెడిది కాదు. తెలియనందున అదియు మంత్రమే యనిరి.

ప్రాణహితకు ఆవలి ఒడ్డున, మహారాష్ట్రములో, 2013 ఆగస్టులో, మూఢవిశ్వాసములపై పోరాడిన దభోల్కర్‌ను కాల్చి చంపిన పిమ్మట, డిసెంబరులో ఇట్టి దురాచారములపై చట్టము వచ్చెను. దానికి ఒక మనిషి ప్రాణము వెల. ఈవలి ఒడ్డున అట్టి ప్రత్యేక చట్టము లేదు. ఊర ఘోరము జరిగిన కొన్నాళ్లకు పోలీసు కళాబృందము వచ్చి, మంత్రాలకు చింతకాయలు రాలవని డప్పు వాయించి పాడిపోవును. అప్పటికి రాలవలసిన పండ్లు రాలియే యుండును.