గ్రామసభ మొక్కుబడి కారాదు

ఎల్లారెడ్డి పట్టణం 2018లో మునిసిపాలిటీ అయింది. చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం ఊరి పనులు తేల్చుకునేందుకు గ్రామసభే వేదిక. 2 నెలలకు ఒకసారైనా సభ జరపాలని 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం నిర్దేశించింది. అయితే సభ జరగడం వేరు, పని జరగడం వేరు.

నాట్ల రోజుల్లో పొద్దున 11 గంటలకు సభ పెడితే కూలికి పోయే ఆడవారు రాలేరు. వచ్చిన నలుగురూ రిజిస్టరులో సంతకాలు చేసి ఇంటిదారి పడతారు. మోరీల సంగతి, వీధిదీపాల సంగతి పై సభలో మళ్లీ మొదటికి వస్తుంది.

దీనికి పైసా ఖర్చు లేని మందు ఉన్నది. సభ మొదలుకాగానే గత తీర్మానాలు చదవాలి. ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు అన్నది కార్యదర్శి చెప్పాలి. కొత్త తీర్మానం చేసినప్పుడు ఆ పని ఎవరు చూస్తారు, ఏ తేదీలోగా పూర్తిచేస్తారు అన్నది అక్కడే రాయాలి. రాసింది అందరికీ చదివి వినిపించిన తరువాతే సంతకాలు తీసుకోవాలి.

అడిగేవారు లేనిచోట చెప్పేవారుండరు. పొద్దుగూకిన తరువాత సభ పెట్టమని గ్రామస్తులే కోరాలి, వచ్చి చివరిదాకా కూర్చోవాలి. ఖాళీ పేజీ కింద మాత్రం ఎవరూ సంతకం చేయరాదు.