కావలి కుక్క నడుము నొప్పి

రాగి చేలకును, కళ్లములకును, అంగళ్లకును రాత్రింబవళ్లు కావలియుండు కుక్క ముసలిదై, లేచుటకు వెనుకాడినచో "సోమరియైనది, తరిమివేయుడు" అనుమాట అత్తిముగంలో పలువురి నోట వినుచున్నాము. ఈ మాట న్యాయము కాదని మా అభిప్రాయము.

మేమును ఒకప్పుడు ఇట్లే తలచితిమి. మా అంగడి ముంగిట పదేండ్లుగా కావలియున్న కుక్క గత చలికాలమున మెట్టెక్కలేకపోయెను. నడుముపై చేయి వేసిన పిల్లవానిని చూచి గుఱ్ఱుమనెను. పొగరెక్కినదనుకొంటిమి. పిదప నొప్పియేమో యని యెంచి, మేము అమ్ము తలనొప్పి తైలమునే దానికి రాచితిమి. అది దానిని నాకి వాంతి చేసికొనెను. పశువైద్యుడు మందలించిన పిమ్మటగాని మా తప్పు మాకు తెలియలేదు. కర్పూరము, వింటర్‌గ్రీన్ తైలము చేరిన లేపనములు కుక్కకు విషప్రాయములు. మనము మ్రింగు పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలును దాని ప్రాణము మీదికి తేగలవు.

కీలు అరిగినను, కాలు బెణికినను, కుక్క తన బరువును తక్కిన కాళ్లపై మోపి నడచును. అందుచే భుజము, నడుము, తొడల కండరములు అధికశ్రమకు లోనై బిగియును. బిగువుచే నొప్పి హెచ్చును. నొప్పిచే బిగువు మరింత పెరుగును. మర్దనము కండరమును సడలించి, జీవికి నెమ్మది కలిగించును. అయితే అరిగిన కీలును అది బాగుచేయజాలదు. అది వైద్యమునకు తోడే కాని బదులు కాదు.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. బండ్లు విస్తారముగా నడచిన దినములలో ఎద్దు మెడను రుద్దుట రైతులెరిగిన పనియే. మనకు సమీపమున మత్తిగిరిలో 1824లో కుంపెనీవారు పశుక్షేత్రమును స్థాపించినది సైన్యపు గుఱ్ఱముల కొఱకే. ఎద్దునకు, గుఱ్ఱమునకు మాలీసు ఎరిగిన సీమలో కుక్కను మరచుట తగునా?

మొదట వైద్యునికి చూపవలెను. ఆయన సమ్మతించినచో, కుక్కను మెత్తని గుడ్డపై పరుండబెట్టి, గోరువెచ్చని తడిగుడ్డతో కొంతసేపు కాపడము పెట్టవలెను. పిమ్మట వెన్నెముకను తాకక, దాని కిరుప్రక్కల మెడనుండి తోకవఱకు అరచేతితో మెల్లగా నిమురవలెను. బిగిసినచోట వ్రేళ్లతో చిన్న సున్నలు చుట్టినట్లు ఒత్తవలెను. పది నిమిషములు చాలును, నూనె అక్కరలేదు. కుక్క మూతి త్రిప్పినను, గుఱ్ఱుమనినను వెంటనే చేయి తీయవలెను. జ్వరము, వాపు, పుండు, ఎముక విఱుగుట, వెనుకకాళ్లు హఠాత్తుగా పడిపోవుట కనబడినచో మర్దనము కూడదు; ఆలస్యము చేయక వైద్యశాలకు కొనిపోవలెను. పరిచయము లేని కుక్కను, పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయించని కుక్కను తాకనేరాదు.

నేడు మా కుక్క పరుగెత్తదు. కాని తానై లేచి గడప చేరుచున్నది. వర్తక సోదరులకు మా మనవి యొక్కటే: కుక్క కొఱకని తైలమో మాత్రయో అడిగినవారికి దానిని అమ్మక, పశువైద్యశాల దారి చూపుడు. మరియు కుక్కను పోషించు ప్రతి గృహస్థుడును ఆలోచించవలెను: పదేండ్ల కావలికి పది నిమిషముల సేవ అధికమా?