పాముకు నమోదు ఉంది, ఎరకు లేదు: ఆఫ్రికా ఎలుకల పెంపకంపై సూరత్ నేర్పే పాఠం

కోసాడ్ (సూరత్): విదేశీ జాతికి చెందిన బాల్ పైథాన్ పామును ఇంట్లో పెంచుకొనే వ్యక్తి దేశంలో ఎక్కడ ఉన్నా ఆ వివరాలను కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖకు చెందిన ‘పరివేష్ 2.0’ పోర్టల్‌లో నమోదు చేయవలసి ఉంటుంది. పాము చేతులు మారినా, దానికి పిల్లలు పుట్టినా ఆ సమాచారాన్ని తెలపాలి. అయితే అదే పాముకు ఎరగా వేయడానికి అదే ఇంట్లో ఆఫ్రికా ఖండానికి చెందిన ఎలుకలను పదుల సంఖ్యలో పెంచితే, వాటిని లెక్కించే వ్యవస్థ ఏదీ లేదు. సంఖ్యలోనూ, వ్యాధులను మోసే శక్తిలోనూ పాముకంటే ఎన్నో రెట్లు ముందుండే జీవి చట్టం దృష్టికి అందకుండా మిగిలిపోతోంది.

ఈ లోటును పరిశీలించడానికి సూరత్‌కు మించిన నగరం మరొకటి ఉండదు. తాపీ నదికి ఉత్తరాన, అమ్రోలిని ఆనుకొని ఉన్న కోసాడ్ ఒకప్పుడు గ్రామం, నేడు మహానగరంలో భాగం. నదీతీరం నుంచి, మురికివాడల నుంచి తరలించిన కుటుంబాలకు పట్టణ పునర్నిర్మాణ పథకం కింద నగరపాలక సంస్థ ఇక్కడ పెద్ద ఎత్తున బహుళ అంతస్తుల గృహాలను నిర్మించింది. చిన్న గదులు, ఉమ్మడి గోడలు, ఉమ్మడి మురుగు గొట్టాలు ఇటువంటి సముదాయాల సహజ లక్షణం. ఒక ఇంట్లో జరిగే జంతువుల పెంపకం ప్రభావం ఆ ఇంటి గడప దాటకుండా ఉండడం ఇక్కడ కష్టం. లింబాయత్ వంటి ప్రాంతాలలో స్థిరపడిన తెలంగాణ నేత కార్మిక కుటుంబాలు సైతం దాదాపు ఇటువంటి కిక్కిరిసిన పరిసరాలలోనే జీవిస్తున్నాయి.

ఎందుకీ కొత్త ఎలుక?

పెంపుడు పాముల ప్రపంచంలో బాల్ పైథాన్‌కు మొండి తిండిపోకడ గల జీవిగా పేరుంది. పశ్చిమ, మధ్య ఆఫ్రికా దీని స్వస్థలం. ఆరోగ్యంగా ఉన్నప్పటికీ కొన్ని వారాల పాటు, ఒక్కోసారి నెలల పాటు తెల్ల ఎలుకలను, చుంచెలుకలను ముట్టదు. అటువంటి పాము కూడా ఆఫ్రికన్ సాఫ్ట్‌ఫర్డ్ ర్యాట్ అని పిలిచే మెత్తని బొచ్చు గల ఎలుకను చూడగానే పట్టుకుంటుందని పెంపకందారుల అనుభవం. స్వస్థలంలో ఈ పాము తినే ఎరలలో ఈ కోవకు చెందిన ఎలుకలు ఉండడమే అందుకు కారణమని వారు భావిస్తారు.

మాస్టోమిస్ ప్రజాతికి చెందిన ఈ ఎలుక పరిమాణంలో చుంచెలుకకు, మామూలు ఎలుకకు మధ్యస్థంగా ఉంటుంది. చుంచెలుకలతో పోలిస్తే దుర్వాసన తక్కువ. ఒక మగ ఎలుక, కొన్ని ఆడ ఎలుకలు ఒకే గుంపుగా కలిసి బతుకుతాయి. చూలు కాలం సుమారు 23 రోజులు. ఆడ ఎలుకకు చనుమొనలు అసాధారణంగా ఎక్కువ, కొన్నిటికి 24 వరకు ఉంటాయి. ఒక్కో ఈతకు పదికి తగ్గకుండా పిల్లలు పుట్టడం సాధారణం. లోపాలూ ఉన్నాయి. ఇవి తేలికగా కరుస్తాయి, ప్లాస్టిక్ డబ్బాలను కొరికి బయటపడతాయి, గుంపులోకి కొత్తగా వచ్చిన ఎలుకను చంపడానికి వెనుకాడవు. ఈ ఎరకు అలవాటు పడిన పాము మళ్లీ మామూలు ఎలుకను తినకపోవచ్చు. అప్పుడు యజమానికి ఈ ఎలుకల పెంపకం తప్పనిసరి అవుతుంది.

అసలు చిక్కు లెక్కలో ఉంది. పదిహేను రోజులకు ఒక ఎర చొప్పున తినే పాముకు ఏడాదికి సుమారు 24 ఎలుకలు సరిపోతాయి. మూడు ఆడ ఎలుకలు పది పిల్లల చొప్పున ఈనితే ఒక్క విడతలోనే 30 పుడతాయి. అంటే ఏడాది అవసరం తొలి నెలలోనే తీరిపోతుంది. మిగిలిన నెలల్లో పుట్టే ఎలుకలన్నీ అదనమే. వాటిని చంపి శీతలపెట్టెలో దాచడం, ఇతర పెంపకందారులకు అమ్మడం, బయట వదిలివేయడం అనే మూడు దారులే యజమాని ముందు ఉంటాయి. రెండవ దారి పట్టినవారు తమకు తెలియకుండానే వ్యాపారులవుతారు. మూడవ దారి పట్టినవారు ఒక విదేశీ జాతిని ఈ నేలపై విడిచినవారవుతారు.

పేరు ఒకటి, జాతులు రెండు

మాస్టోమిస్ భారతదేశానికి పూర్తిగా కొత్తది కాదు. బోదకాలు వ్యాధికి కారణమయ్యే పరాన్నజీవిపై లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ చేసిన ప్రయోగాలలో మాస్టోమిస్ కౌచా అనే జాతిని దీర్ఘకాలంగా వినియోగించారు. అయితే అక్కడ అది ప్రయోగశాల గోడల మధ్య, నైతిక సంఘాల అనుమతితో, పశువైద్యుల పర్యవేక్షణలో ఉంటుంది. ఇంటి పెరటికి ఆ రక్షణలు లేవు.

అంతకంటే ముఖ్యమైన విషయం జాతుల గుర్తింపు. పెంపుడు జంతువుల వ్యాపారంలో ఒకే పేరుతో చెలామణి అయ్యే ఈ ఎలుక మాస్టోమిస్ కౌచా కావచ్చు, మాస్టోమిస్ నాటలెన్సిస్ కావచ్చు. కంటితో చూసి ఈ రెండింటినీ వేరు చేయడం సాధ్యం కాదు. మొదటిదానికి క్రోమోజోములు 36, రెండవదానికి 32. ఈ చిన్న తేడా వెనుక ప్రజారోగ్య పరంగా పెద్ద తేడా దాగి ఉంది. 1969లో నైజీరియాలోని లస్సా గ్రామంలో తొలిసారి వెలుగుచూసిన లస్సా జ్వరానికి పశ్చిమ ఆఫ్రికాలో ప్రధాన ఆశ్రయం నాటలెన్సిస్ జాతి. కౌచా విషయం వేరు. అది ప్లేగు క్రిమికి తేలికగా లొంగుతుందని, నాటలెన్సిస్ దానిని బాగా తట్టుకుంటుందని దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రయోగాలలో వెల్లడైంది.

తరతరాలుగా బందీగా పెరిగిన ఎలుకల్లో లస్సా వైరస్ ఉండే అవకాశం బహు స్వల్పం. అది నిజమే అయినా, ఫలానా ఎలుక ఎన్ని తరాలుగా బందీగా ఉందో, ఏ దేశం నుంచి వచ్చిందో, అసలు ఏ జాతికి చెందిందో నిర్ధారించే పత్రం లేనప్పుడు ఆ భరోసాకు ఆధారం ఉండదు.

నగరం మరచిపోని సెప్టెంబరు

ప్లేగు అన్న మాట సూరత్‌లో పాఠ్యపుస్తకాలకు పరిమితమైనది కాదు. 1994 సెప్టెంబరులో న్యుమోనిక్ ప్లేగు ఈ నగరాన్ని కుదిపివేసింది. యాభైమందికి పైగా మరణించారు. కొద్ది రోజుల్లోనే లక్షలాది మంది, ప్రధానంగా వలస కార్మికులు, రైళ్లలో, బస్సులలో నగరం విడిచిపోయారు. అంతకు కొన్ని వారాల ముందు మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో గడ్డల ప్లేగు కేసులు బయటపడ్డాయి. ఎలుకలు, ఈగులు, మానవ ఆవాసాల మధ్య సమతుల్యం చెదిరితే ఏమవుతుందో ఆ నెల దేశానికి చూపింది.

మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు (ఎస్.ఆర్. రావు) నగర పారిశుద్ధ్యాన్ని గాడిలో పెట్టారు. అధికారులు ప్రతి ఉదయం వీధుల్లో తిరిగి పనులను పరిశీలించే పద్ధతి నాడు బలపడింది. స్వచ్ఛ సర్వేక్షణ్ 2023లో ఇందోర్‌తో కలిసి దేశంలోనే ప్రథమ స్థానం పొందేంత వరకు ఆ ప్రయాణం సాగింది.

అయినా ఎలుకల ద్వారా వచ్చే ముప్పు తొలగిపోలేదు. సూరత్, నవ్‌సారీ, వల్సాడ్ జిల్లాలతో కూడిన దక్షిణ గుజరాత్‌లో వానాకాలంలో లెప్టోస్పైరోసిస్ తరచూ తలెత్తుతుంది. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటిలో, బురదలో పనిచేసే వరి, చెరకు పొలాల కూలీలే ఎక్కువగా దీని బారిన పడతారు. 2006 ఆగస్టులో ఉకై జలాశయం నుంచి విడుదలైన నీటితో తాపీ పొంగి నగరంలో అధిక భాగాన్ని ముంచెత్తింది. అటువంటి వరద మళ్లీ వస్తే దిగువ అంతస్తులోని ఎలుకల డబ్బాలు ఏమవుతాయన్నది ఊహాత్మక ప్రశ్న కాదు.

ఇతర దేశాల అనుభవం

2003లో ఘనా నుంచి అమెరికాకు దిగుమతి అయిన ఆఫ్రికా ఎలుకజాతుల నుంచి ప్రెయిరీ డాగ్‌లకు, వాటి నుంచి మనుషులకు మంకీపాక్స్ సోకింది. ఆరు రాష్ట్రాలలో 47 నిర్ధారిత, అనుమానిత కేసులు నమోదయ్యాయి. ఆ వెంటనే ఆఫ్రికా ఎలుకజాతుల దిగుమతిని ఆ దేశం నిషేధించింది. ఫ్లోరిడాలోని గ్రాసీ కీ దీవిలో ఒక పెంపకందారు వద్ద నుంచి బయటపడిన గాంబియా సంచి ఎలుకలు అక్కడే స్థిరపడగా, వాటిని నిర్మూలించడానికి ప్రభుత్వ యంత్రాంగం ఏళ్ల తరబడి శ్రమించవలసి వచ్చింది.

సాధారణ జాతుల పెంపకం కూడా ముప్పు లేనిది కాదు. 2012లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పాములకు ఎరగా ఎలుకలను పెంచే కేంద్రంలో పనివారికి మెదడు పొరల వాపు కలిగించే ఎల్‌సీఎం వైరస్ సోకినట్లు తేలింది. 2017లో పెంపుడు ఎలుకల నుంచి సియోల్ వైరస్ వ్యాపించింది. బ్రిటన్‌లో 2015 నుంచి కొన్నేళ్లపాటు కొనసాగిన సాల్మొనెల్లా వ్యాప్తికి పాములకు ఆహారంగా అమ్మిన ఘనీభవించిన చుంచెలుకలే మూలమని తేలింది. బాధితుల సంఖ్య 800 దాటింది. గడ్డకట్టించినంత మాత్రాన ఆ క్రిమి చావదని అక్కడి వినియోగదారులకు ఆలస్యంగా అర్థమైంది.

చట్టాల మధ్య ఖాళీ

స్వదేశీ పాములను ఇంట్లో బంధించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2022లో చేసిన సవరణ, 2024లో వెలువడిన నమోదు నిబంధనలు అంతర్జాతీయ ఒప్పంద జాబితాలోని విదేశీ జాతులను లెక్కలోకి తెచ్చాయి. బాల్ పైథాన్ ఆ జాబితాలో ఉంది. మాస్టోమిస్ లేదు. కనుక నమోదు నిబంధన దానికి వర్తించదు.

ప్రయోగాల కోసం జంతువులను పెంచేవారిపై 1998 నాటి నిబంధనల కింద కేంద్ర కమిటీ పర్యవేక్షణ ఉంది. ఎరగా వేయడం ప్రయోగం కాదు. 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనలు ఎలుకలను కూడా ప్రస్తావించాయి గాని వాటి దృష్టి ప్రధానంగా దుకాణంపైనే. సామాజిక మాధ్యమాల ద్వారా ఇంటి నుంచి ఇంటికి సాగే మారకం ఈ మూడింటి మధ్య నుంచి జారిపోయే వీలుంది. దిగుమతి దశలో పశు దిగ్బంధ కేంద్రాల తనిఖీ ఉన్నప్పటికీ, అవి ముంబయి, హైదరాబాద్ వంటి ఆరు నగరాలకే పరిమితం. ఒకసారి లోపలికి వచ్చి సంతతి పెరిగాక ఆ తనిఖీకి పని ఉండదు.

అలాగని ప్రభుత్వం చేతిలో ఆయుధం లేదనలేము. 2022 సవరణతో చేరిన 62ఏ విభాగం ఆక్రమణకారి విదేశీ జాతుల దిగుమతిని, స్వాధీనాన్ని, వ్యాప్తిని నియంత్రించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. జాతి పాతుకుపోయాక కాకుండా ముందుగానే ఆ అధికారాన్ని వినియోగించడం వివేకం.

పెంపకందారుల వాదనలోనూ బలముంది

తెలియని చోట పట్టిన ఎలుకను పాముకు వేయడం కంటే, బయటి ఎలుకలతో కలవకుండా ఇంట్లో పెంచిన ఎలుక ఆరోగ్యపరంగా మేలని పెంపకందారులు చెప్పే మాటను కొట్టివేయలేము. వీధి ఎలుకల్లో లెప్టోస్పైరా వంటి క్రిములతో పాటు ఎలుకల మందు అవశేషాలూ ఉండవచ్చు. పాము ఉపవాసంతో కృశించడం కూడా జంతు సంక్షేమ సమస్యే. పూర్తి నిషేధం విధిస్తే ఈ మారకం మరింత చాటుకు పోతుందన్న ఆందోళన నిరాధారం కాదు.

కానీ ఈ వాదన శుభ్రమైన ఎలుక కావాలని చెబుతుందే తప్ప, కొత్త జాతి కావాలని నిరూపించదు. ప్రయోగశాల మూలాలున్న తెల్ల ఎలుకలు, చుంచెలుకలు దేశంలో విస్తారంగా ఉన్నాయి. వ్యాధిరహితంగా వాటిని పెంచే నైపుణ్యం హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వంటి సంస్థలకు దశాబ్దాలుగా ఉంది. ఎర వాసన మార్చడం, గోరువెచ్చగా అందించడం, దాగేందుకు చోటు కల్పించడం వంటి పద్ధతులతో చాలా పాములు తిరిగి తింటాయి. ముందే చంపిన ఎరను వేస్తే ఎలుక కాటుతో పాము గాయపడే ప్రమాదమూ ఉండదు.

ఈ నేపథ్యంలో మూడు చర్యలు ఆచరణ సాధ్యమైనవి. మొదటిది, పరివేష్ నమోదు పత్రంలో పాము ఆహార మూలాన్ని కూడా అడగడం. రెండవది, ఎర ఎలుకలను అమ్మేవారికి అనుమతి, నియమిత కాలంలో వ్యాధి పరీక్షలు తప్పనిసరి చేయడం. మూడవది, జన్యు పరీక్షతో జాతి నిర్ధారణ కానిదే మాస్టోమిస్‌ను ప్రయోగశాలల వెలుపల పెంచడానికి అనుమతించకపోవడం. ఇప్పటికే పెంచుతున్నవారు శిక్ష భయం లేకుండా వివరాలు తెలిపేందుకు, 2020లో విదేశీ జాతుల యజమానులకు ఇచ్చినట్లే, కొంత గడువు ఇవ్వవచ్చు.

వీధిలోని చెత్తకు ప్రతిరోజూ లెక్క చూడడం ద్వారా సూరత్ తన పేరును నిలబెట్టుకుంది. ఆ లెక్కలో ఇంటి లోపలి డబ్బాలు ఇంకా చేరలేదు. కోసాడ్ వంటి సముదాయాలలో పక్కింటి గోడకు ఆవల ఏ జాతి ఎలుక పెరుగుతోందో తెలుసుకొనే హక్కు అక్కడి కుటుంబాలకు ఉంది. ఆ సమాచారాన్ని సేకరించే బాధ్యతను మాత్రం ఏ శాఖకూ ఇంతవరకు ప్రత్యేకంగా అప్పగించలేదు.