ముందు మాస్కు, ఆ తర్వాతే కత్తి

మీ అబ్బాయో, అమ్మాయో పైచదువుకు అమెరికాకో, జర్మనీకో వెళ్లారు. ఆదివారం వీడియోకాల్‌లో మాట్లాడుతూ ‘‘ఇక్కడి క్లబ్బులో కత్తియుద్ధం నేర్చుకుంటున్నా’’ అన్నారనుకోండి. అమ్మ గుండె గుభేలుమంటుంది. నాన్న ‘‘అంత డబ్బు పోసి పంపింది ఇందుకేనా?’’ అని కసురుతారు. తర్వాత ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పిల్లలు ఆట మానరు, ఇంట్లో చెప్పడం మానేస్తారు. దెబ్బ తగిలినా చెప్పరు. వైద్యుడిగా నాకు ఆ కత్తి కన్నా ఈ దాపరికం అంటేనే ఎక్కువ భయం. అందుకే ‘వద్దు’ అనే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఆ ప్రశ్నలు అడగాలంటే ముందు ఈ ఆట ఏమిటో మనకు తెలియాలి.

యూరప్‌లో ఐదారు వందల ఏళ్ల కిందట కత్తియుద్ధం నేర్పిన గురువులు తమ విద్యను పుస్తకాలుగా రాసిపెట్టారు. ఇటలీకి చెందిన ఫియోరె దేయి లిబెరి 1409 ప్రాంతంలో బొమ్మలతో సహా ఒక గ్రంథం తయారుచేశాడు. జర్మన్ పద్ధతిని వివరించిన యోఆకిమ్ మేయర్ పుస్తకం 1570లో స్ట్రాస్‌బర్గ్‌లో అచ్చయింది. అలాంటి పుస్తకాలు చదివి, ఆ అడుగులు, ఆ వేట్లు మళ్లీ సాధన చేసే ఆటను ‘హెమా’ అంటారు. దీనికి చాలా దేశాల్లో క్లబ్బులున్నాయి. 1966లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పుట్టిన ‘సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజం’ది మరో దారి. అక్కడ పాతకాలపు కవచాలు తొడుక్కుని, ఉక్కు కత్తికి బదులు పేము కర్రతో తలపడతారు.

ఒంటికి మంచి వ్యాయామం, మెదడుకు పదును, ఫోన్ పక్కన పెట్టి నలుగురితో కలిసి గడిపే రెండు గంటలు. పరాయి ఊళ్లో ఒంటరిగా ఉన్న పిల్లలకు ఇవేవీ చిన్న లాభాలు కావు. కాబట్టి నేను వద్దనను. అయితే, మొదలుపెట్టే వరుస ముఖ్యం.

పదును లేదు కదా అనుకోవద్దు

సాధన కత్తులకు అంచు మొద్దుగా, మొన గుండ్రంగా ఉంటుంది. దాంతో ‘తెగదు కదా, ఇంకేం ప్రమాదం?’ అనిపిస్తుంది. అసలు సంగతి బరువులో, వేగంలో ఉంది. మన దేశం నుంచి ఒలింపిక్స్ ఫెన్సింగ్‌లో తొలిసారి పోటీపడిన భవానీ దేవి 2021లో టోక్యోలో పట్టింది సేబర్. దాని బరువు అర కిలోకు మించదు. హెమాలో ఎక్కువమంది మొదట నేర్చుకునే లాంగ్‌స్వోర్డ్ రెండు చేతులతో పట్టేది. సుమారు నాలుగడుగుల పొడవు, కిలోన్నర వరకు బరువు. అది వేలి మీద పడితే తెగదు, ఎముక విరుగుతుంది. తల మీద పడితే పుర్రె పగలకపోవచ్చు, లోపల మెదడు అదురుతుంది.

మొన సంగతి చెప్పాలంటే 1982 నాటి ఒక విషాదం గుర్తుచేసుకోవాలి. రోమ్‌లో ప్రపంచ ఫెన్సింగ్ పోటీలు జరుగుతుండగా ప్రత్యర్థి కత్తి విరిగింది. ఆ విరిగిన కొస సోవియట్ ఒలింపిక్ విజేత వ్లాదిమిర్ స్మిర్నోవ్ మాస్కు జాలీని చీల్చుకుని, కంటి గుండా మెదడుకు చేరింది. కొద్ది రోజులకే ఆయన చనిపోయారు. ఆ తర్వాతే మాస్కులు, జాకెట్లు, కత్తుల ఉక్కుకు ప్రమాణాలు కట్టుదిట్టమయ్యాయి. అంటే ఈ రోజు మీ పిల్లలు తొడుక్కునే మాస్కు వెనుక ఒక ప్రాణం ఉంది. పాతబడి తుప్పుపట్టిన, సొట్టలు పడిన మాస్కును ‘ఈ ఒక్క రోజుకే కదా’ అని పెట్టుకోవద్దని చెప్పండి.

మాస్కుల మీద 350 న్యూటన్లు, 1600 న్యూటన్లు అని అంకెలు కనిపిస్తాయి. మొన గుచ్చుకుపోకుండా ఎంత తట్టుకోగలదో ఆ అంకె చెబుతుంది. తల మీద పడే బరువైన దెబ్బ గురించి అది ఏమీ చెప్పదు. పైగా ఫెన్సింగ్ మాస్కు ముఖాన్ని కాపాడుతుంది, తల వెనుక భాగాన్ని వదిలేస్తుంది. అందుకే లాంగ్‌స్వోర్డ్‌కు మాస్కు పైన మరో మెత్తటి తొడుగు, తల వెనుకకు గట్టి రక్షణ, గొంతుకు వేరే పట్టీ తప్పనిసరి.

కొనే వరుస

మొదటి రోజే కత్తి కొనాలనిపిస్తుంది. ఆగమనండి. మొదటి నెలల్లో క్లబ్బు కత్తి చాలు. సొంత డబ్బు ముందు మాస్కు మీద, తర్వాత గొంతు పట్టీ, బరువైన చేతి తొడుగులు, మెత్త కుట్టిన జాకెట్, మోచేయి, మోకాలి తొడుగుల మీద పెట్టాలి. మగపిల్లలకు గజ్జల దగ్గర కప్పు, ఆడపిల్లలకు ఛాతీ కవచం ఉండాలి. కత్తి అన్నింటికన్నా చివర.

తోలు గ్లౌజులు చాలవు. వేలి కొసల దాకా గట్టి పలకలున్నవి కావాలి. ఉంగరం ఉంటే ఆటకు ముందే తీసేయాలి. వేలు వాచాక అది రాదు, రక్తప్రసరణ ఆగుతుంది. నైలాన్ కత్తి కదా అని మాస్కు తీసేయడమూ పొరపాటే. మొనతో పొడిచినప్పుడు వంగని ప్లాస్టిక్ కూడా ప్రమాదమే. ఇక గోడకు తగిలించే అలంకారపు కత్తులతో ఎప్పుడూ, ఎక్కడా తలపడకూడదు. వాటిలో చాలావాటికి పిడి లోపలుండే ఉక్కు సన్నగా ఉంటుంది. ఒక్క దెబ్బకు విరిగి, కత్తి అటుగా నిలబడినవారి మీదకు ఎగిరిపోతుంది. ఇక్కడ స్కూలు వార్షికోత్సవంలో అల్లూరి, రుద్రమదేవి వేషాలు కట్టించే మాస్టార్లకూ ఈ మాట వర్తిస్తుంది. పిల్లల చేతికి చెక్కో, థర్మాకోలో ఇవ్వండి, ఇనుము వద్దు.

హెల్మెట్ కొని బండి హ్యాండిల్‌కు తగిలించే అలవాటు మనది. ఈ ఆటలో కొన్న రక్షణ సంచిలో ఉంటే లాభం లేదు. మాస్కు తీసి ఉన్నవారి వైపు ఎవరూ కత్తి ఎత్తకూడదు, సరదాకైనా.

క్లబ్బును అడగాల్సినవి

చేరిన ఎన్నాళ్లకు పోటీకి దింపుతారు? మొదటి వారంలోనే దింపే చోటు మంచిది కాదు. అడుగులు, దూరం, చేతి అదుపు కుదిరాకే ఎదురెదురుగా నిలబెట్టాలి. మన కర్రసాములోనూ ముందు అడుగే కదా. రెండు, ‘ఆగు’ అని ఎవరన్నా వెంటనే ఆగుతారా? మూడు, కత్తులకు లేచిన గరుకులు, పగుళ్లు ఉన్నాయేమో ఆటకు ముందు చూస్తారా? నాలుగు, తలకు దెబ్బ తగిలినవారిని ఆ రోజు మళ్లీ ఆడనిస్తారా? ఈ చివరి ప్రశ్నకు ‘బాగానే ఉంటే ఆడొచ్చు’ అన్న జవాబు వస్తే ఆ క్లబ్బు వద్దు. విదేశాల్లో ఉన్నవారు ఇంకొకటి చూసుకోవాలి. విద్యార్థి బీమా ఇలాంటి ఆటల గాయాలకు వర్తిస్తుందో లేదో ముందే చదవాలి.

ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, ఇన్సులిన్ వాడే మధుమేహం ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు చేరే ముందు తమ డాక్టరుతో మాట్లాడాలి. మైనస్ పవర్ బాగా ఎక్కువ ఉన్నవారు కంటి డాక్టరుతో రెటీనా చూపించుకోవాలి. వారికి తలకో, కంటికో దెబ్బ తగిలితే రెటీనా ఊడే ప్రమాదం మామూలు వారికన్నా ఎక్కువ. టెటనస్ టీకా వేయించుకుని పదేళ్లు దాటితే మరోటి వేయించుకోవాలి. మెత్త జాకెట్, మాస్కు లోపల ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. దాహం వేయకముందే నీళ్లు తాగాలి. తల తిరిగితే వెంటనే అన్నీ విప్పి నీడన కూర్చోవాలి.

దెబ్బ తగిలితే

స్పృహ తప్పకపోయినా మెదడు అదిరి ఉండొచ్చు. తలనొప్పి, మసకచూపు, తికమక, వెలుతురు భరించలేకపోవడం, అడిగిందే అడగడం దాని గుర్తులు. ఆ రోజు ఆట ముగిసినట్టే. ఒకటి రెండు రోజులు చదువు, స్క్రీన్, వ్యాయామం తగ్గించి విశ్రాంతి తీసుకోవాలి. తర్వాత మెల్లగా, మెట్టు మెట్టుగా మామూలు పనులకు రావాలి. లక్షణాలన్నీ పోయి, డాక్టరు సరేనన్న తర్వాతే మళ్లీ తలపడాలి. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే చాలా ప్రమాదం.

పదేపదే వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మత్తు, ఫిట్స్, కాలూ చేయీ పట్టు తప్పడం, ముక్కు నుంచి గానీ చెవి నుంచి గానీ నీళ్లు కారడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. గొంతుకు దెబ్బ తగిలి మాట బొంగురుపోయినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా అంతే. కంటికి గుచ్చుకుంటే నలపొద్దు, కడగొద్దు, నొక్కొద్దు. పేపర్ కప్పు లాంటిది అడ్డుపెట్టి కంటి ఆసుపత్రికి పరుగెత్తాలి. దెబ్బ తగిలిన వేలి కొస నిటారుగా నిలబడకపోతే లాగి, సాగదీసి చూడొద్దు. ఎక్స్‌రే తీయించాలి.

ఈ పేజీని ఫొటో తీసి ఆ దూరదేశంలో ఉన్న మీ పిల్లలకు పంపండి. వచ్చే ఆదివారం వాళ్లు ఫోన్ చేసినప్పుడు ‘‘మానేశావా?’’ అని అడగకండి. ‘‘మాస్కు కొన్నావా, నాన్నా?’’ అని అడగండి. అలా అడిగిన ఇంటికి, దెబ్బ తగిలిన రోజున కూడా ఫోన్ వస్తుంది.